మచిలీపట్టణ చరిత్ర విమర్శనము

కృష్ణానదీముఖమునకు సమీపమున, బంగాళాఖాత తీరమున నున్న మచిలీపట్టణమునకు బందరను నామాంతరము కలదు. గోలకొండ సుల్తానులనాడు ప్రధాన నౌకాస్థానమై, ఐరోపాఖండ వర్తకులకు తెలుగుదేశమున తొలివాకిలియై, తరువాత కృష్ణామండలమునకు ముఖ్యపట్టణమై, జాతీయోద్యమకాలమున ఆంధ్రులకు విద్యాస్థానమై వన్నెకెక్కిన యీ పట్టణమును గూర్చి వ్రాయబడినది కొంచెము కాదు. అయినను ఆ వ్రాతలలో పెక్కింటికి సామాన్యమగు లోప మొకటి కలదు. వానియందు బందరు కథ నావ రాకతో మొదలై నావ పోకతో ముగియును. 1611లో ఇంగ్లీషువారు దిగిరి, 1759లో కోటను పట్టిరి, 1864లో ఉప్పెన వచ్చెను. ఈ మూడు వాక్యములతో పట్టణచరిత్ర ముగిసినట్లే పలువురు తలతురు. ఓడ యెక్కినవాని పేరును, కోట పట్టినవాని పేరును అందు కానవచ్చును. ఓడలోని సరకును చేసినవాని జాడ మాత్రము కానరాదు.

కంపెనీవారి లెక్కలు, ఉత్తరములు క్రమముగా భద్రపరుపబడియుండుటయే యీ లోపమునకు ముఖ్యకారణము. 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణామండలమును గూర్చి కూర్చిన గ్రంథము పరిపాలకుల యుపయోగార్థము వ్రాయబడినది. అది యుపకారకమే. కాని పరిపాలకుని ప్రశ్నలు వేరు, పట్టణవాసి ప్రశ్నలు వేరు. మొదటివాని ప్రశ్నలకు లభించిన యుత్తరములనే రెండవవాని చరిత్రగా స్వీకరించుట చరిత్రకారునకు తగదు.

బందరును గూర్చి ప్రచారమునం దున్న వాదములలో మూడు ముఖ్యములు. చేపలవలన పేరు వచ్చినది గావున ఈ పట్టణము మొదట జాలరిపల్లె యనునది మొదటిది. గ్రీకు భూగోళకారుడగు టాలెమీ పేర్కొన్న మైసోలియా యీ పట్టణమే యనునది రెండవది. పట్టణము రేవువలన పెరిగి ఉప్పెనవలన నశించె ననునది మూడవది. ఈ మూడింటిని వేరువేరుగా విచారించి, స్థలమునందే నిలిచియున్న సాక్ష్యములతో పోల్చి చూడవలసియున్నది.

1. నామవిచారము

మచిలీ యనునది హిందూస్థానీ శబ్దము. దానికి చేప యని యర్థము. పట్టణ శబ్దమునకు రేవు కల ఊరను నర్థము సుప్రసిద్ధము. పండితులు ఈ రెంటిని జేర్చి మత్స్యపురి యని సంస్కరించిరి. పట్టణద్వారమును మీనముతో నలంకరించిరి గావున ఈ పేరు కలిగెనను కథయు వాడుకలో నున్నది. పేరు పుట్టిన పిదప దానికి తగిన కథ పుట్టుట స్థలపురాణములలో నిత్యమును చూచునదే.

ఈ వ్యుత్పత్తికి బాధక మొకటి కలదు. తెలుగుతీరమున చేపలు పట్టువారు తమ పల్లెకు తాము పేరు పెట్టుకొన్నచో చేప యనియో మీను అనియో చెప్పుకొందురు గాని హిందూస్థానీ పదమును తెచ్చుకొనరు. మరియు 17వ శతాబ్దపు ఐరోపీయుల వ్రాతలలో ఈ పేరు తరచుగా మసులిపటమను రూపమున కానవచ్చును. చోళమండల తీరమున అలలకు తట్టుకొనునట్లు పలకలను త్రాళ్లతో కుట్టి చేసిన పడవలకును మసులా యను పేరు కలదు. చకార సకారముల మార్పు విదేశీయుల నోట కలుగుట యసంభవము కాదు గనుక ఇంతమాత్రమున తీర్పు చెప్పరాదు. కాని యర్థము తెలియని పాతపేరు నొకదానిని హిందూస్థానీ వ్యవహర్తలు తమకు తెలిసిన మచిలీ శబ్దముతో పోల్చుకొనుటకును అంతే యవకాశము కలదు. ఇట్టి సందిగ్ధ పదముపై జాలరిపల్లె యను సిద్ధాంతమును నిలుపుట బలహీనమైన పునాదిపై గోడ కట్టుట వంటిది.

నిస్సందిగ్ధమైనది రెండవ పేరు. బందరు పారసీక శబ్దము. దానికి రేవు అనియే యర్థము. పారసీకమును రాజభాషగా గల గోలకొండ కొలువువారును, ఇరానునుండి వచ్చి యిచట కాపురమున్న వర్తకులును ఈ శబ్దమును నెలకొల్పినవారని చెప్పవచ్చును. అనగా పేరు పెట్టినవాడు ఓడలో వచ్చినవాడు. ఐనను ఆ పేరును తనదిగా చేసికొన్నవాడు తెలుగువాడు. బందరు కాలువ, బందరు రోడ్డు, బందరు లడ్డు అని పలుకునపుడు అది పరభాషాపద మను స్ఫురణయే యెవ్వరికిని కలుగదు. పరదేశపు పేరును స్వీకరించి తెలుగు చేసికొనుట ఈ పట్టణపు స్వభావము. దీనికి వేరు నిదర్శనములును ముందు కనబడును.

2. ప్రాచీనత్వము

ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అను క్రీస్తుశకము 1వ శతాబ్దపు నావికగ్రంథమున మసలియా యను తీరదేశము చెప్పబడినది. అచట సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగునని యా గ్రంథకర్త వ్రాసెను. 2వ శతాబ్దమున టాలెమీ మైసోలియా దేశమును, మైసోలస్ నదిని, కొంటకోసిల యను వర్తకస్థానమును పేర్కొనెను. సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడుచు స్థానమును కూడ ఆ ప్రాంతముననే యుంచెను. మైసోలస్ కృష్ణానది యని పెక్కుర మతము.

ఇంతవరకు సరియే. కాని మసలియా, మైసోలియా యనునవి దేశవాచకములు గాని యూరి పేర్లు కావు. ఆ దేశమునందలి వర్తకస్థానమగు కొంటకోసిల నేటి ఘంటసాల. అచటి శాసనములలోను, నాగార్జునకొండ శాసనమునందును కంటకసేల, కంటకసోల యను రూపములు కానవచ్చుటచే ఈ గుర్తింపు స్థిరపడినది. ఉపాసిక బోధిసిరి తన దానశాసనమున కంటకసేలయందలి మహాచైత్యమును స్మరించినది. కావున ప్రాచీనకాలపు నౌకాస్థాన గౌరవము ఘంటసాలకు చెందును. దానిని బందరున కారోపించుట యొకరి సొమ్మును వేరొకరి లెక్కలో వ్రాయుటయే యగును. సన్నని నూలుబట్టకు ఐరోపాభాషలలో గల మస్లిన్ అను పేరు మసులా నుండి పుట్టినదనుటయు ధ్వనిసామ్యముచే కలిగిన భ్రాంతి. ఆ పదమును ఇరాకు దేశపు మోసుల్ నగరమునకు సంబంధించినదిగా నిరుక్తకారులు చెప్పుదురు.

ఐనచో ప్రాచీనమైన దేది? పట్టణము కాదు, వర్తకము. ఆ వర్తకమునకు మూలము బట్ట. కృష్ణానది తెచ్చి పోయు మట్టివలన తీరము సముద్రములోనికి జరుగుచుండును; రేవులు మారుచుండును. నాటి వర్తకస్థానమగు ఘంటసాల నేడు సముద్రమునకు దూరమున నున్నది. కాకతి గణపతిదేవుడు 1244లో వర్తకుల కభయమిచ్చి శాసనము నిలిపిన మోటుపల్లి నేడొక పల్లె. ఆ మోటుపల్లినే మార్కోపోలో ముత్ఫిలి యని పిలిచి, అచటి బట్టలు సాలెపురుగు గూటివలె సన్ననివని మెచ్చెను. కొండవీటి రాజ్యకాలమున అవచి తిప్పయ సెట్టి ద్వీపాంతరములనుండి సుగంధద్రవ్యములు, గుఱ్ఱములు, ఏనుగులు తెప్పించిన సంగతి శ్రీనాథుని హరవిలాస పీఠికవలన తెలియుచున్నది. అట్టి దిగుమతికి బదులుగా తెలుగుతీరమునుండి ప్రధానముగా పోయినది బట్టయే. రేవులు మారినను సరకు మారలేదు. ఆ వరుసలో మచిలీపట్టణము తరువాతిది. 14వ శతాబ్దమున అరబ్బు వర్తకులు దీనిని నెలకొల్పిరని యైతిహ్యము.

3. రేవు, అద్దకము

రేవే పట్టణమునకు ప్రాణమను వాదము నిక పరీక్షింపవలెను. 1652లో ఇచటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బంగాళాఖాతమునందు ఓడలు నిలుచుట కింతకంటె మేలైన తావు లేదనియు, పెగూ, సయాము, అరకాను, వంగము, మక్కా, హుర్ముజు మున్నగు చోట్లకు ఇచటినుండి యోడలు పోవుననియు వ్రాసెను. ఈ సాక్ష్యము త్రోసివేయరానిది. కాని దాని యర్థమును సరిగా గ్రహింపవలెను. తూర్పుతీరమంతయు గాలికి, అలకు తెరచియున్నది. ఆ తీరముతో పోల్చినచో బందరు మేలు. అంతేకాని ఓడ గట్టునకు వచ్చి యానుకొను రేవు కాదది. పెద్ద యోడలు లోతుకొరకు దూరముగా సముద్రమున లంగరు వేయవలెను; సరకు చిన్న పడవలమీద ఉప్పుటేటి ముఖమున రావలెను, పోవలెను. ఇంత శ్రమకోర్చి డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇచట వర్తకశాలల నెలకొల్పుటకు కారణము రేవు సుఖము కాజాలదు.

కారణము బట్ట. లవంగము, జాజికాయ లభించు తూర్పుదీవులలో ఐరోపా సరకులకు గిరాకి తక్కువ; అచటివారు కోరినది చోళమండలపు రంగుబట్ట. కావున సుగంధద్రవ్యములు కొనదలచిన వర్తకుడు ముందుగా బందరునకు వచ్చి బట్ట కొనవలసినవాడయ్యెను. బట్ట నాణెమువలె చెల్లినది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా యిచ్చిన బంగారు ఫర్మానువలన ఇంగ్లీషువారు ఏటికి 500 వరహాలు మాత్రము చెల్లించి గోలకొండ రేవులలో వర్తకము చేయు హక్కు పొందిరి. ఆ హక్కు విలువ రేవులో లేదు, రేవునకు వెనుకనున్న మగ్గములలో నున్నది.

అద్దకపు పని యెట్టిదో తెలిసినగాని యీ మాటలోని తథ్యము బోధపడదు. నేతబట్టను పేడనీట నానవేసి, ఎండకట్టి, ఉదికి తెలుపుచేయుదురు. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యారవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము కలిసి యూరిన నీటితో గీసినచోట నలుపు తేలును. పటికనీరు పూసినచోట మొదట రంగేమియు కానరాదు. ఆ బట్టను చిరివేరు వేసి కాచినపుడు పటిక పడినంతమేరయే యెరుపు పట్టును, తక్కినది విడిచిపోవును. నీలిలో ముంచుటకు ముందు నీలము సోకరాని తావులకు మైనము పూయుదురు. ఒక్కొక్క రంగునకు మరల ఉదుకుట, మరల ఎండకట్టుట. పారునీరు లేనిదే పని సాగదు. గుల్లలు కలిసిన తీరపు ఇసుకనేలలో పెరిగిన చిరివేరు మేలైన యెరుపునిచ్చును. అట్టి నేల యీ తీరమున కలదు. నీరు, నేల, వేరు, తరతరముల చేతివాటము ఒక్కచోట కూడిన స్థల మిది. ఓడను మరియొక రేవునకు మరలింపవచ్చును; ఈ కూడికను మరలించుట సులభము కాదు.

ఈ పనికి లోకమున ప్రసిద్ధమైన పేరు కలంకారీ. అదియు పారసీకమే, కలము చేత చేయు పని యని యర్థము. పనివాని నోట అది అద్దకము, వ్రాతపని. పట్టణమునకు వలెనే పనికిని బయటివాడు పెట్టిన పేరే పత్రములకెక్కినది. విచిత్రమేమనగా నేటి బందరు పనిలో కలమునకంటె కొయ్య అచ్చునకు ప్రాధాన్య మెక్కువ. శ్రీకాళహస్తి పనియందు కలమే ప్రధానము; అచట రామాయణ భారతకథలు బొమ్మలై, క్రింద తెలుగు వ్రాతతో నిలుచును. బందరు బట్టపై కథ లేదు. లతలు, పూవులు, పక్షులు, పారసీకుల కభిమతమగు వృక్షములు కలవు.

ఈ భేదమును బట్టి కొందరు బందరు పనిని తక్కువగా నెంచుట కలదు. పురాణార్థము లేనిది కళ కాదను భావము వారిది. ఈ తారతమ్యము నిలువదు. కాళహస్తి పనివాడు దేవాలయమునకు పనిచేసెను. అందలి ప్రేక్షకునకు కథ తెలియును. బందరు పనివాడు తానెన్నడు చూడని ఇరాను గృహమునకు, జావా విపణికి, ఐరోపా శయ్యాగృహమునకు పనిచేసెను. అచటివారి కతని కథ తెలియదు. కథ చెప్పక రంగుచేతను, రేఖచేతను మాత్రమే పరునకు ప్రీతి కలిగింపవలసిన పని యది. ఒకే వృత్తము రెండు రసములకు వేర్వేరుగా నొదిగినట్లు ఒకే విద్య రెండు ప్రయోజనముల కొదిగినది. ఏ ప్రయోజనమున కేది చేయబడెనో యెరుగక తూచుట విమర్శ కాదు.

4. పేటల సాక్ష్యము

పట్టణవాసి దఫ్తరములను విడిచిపోలేదు గాని పేర్లను విడిచిపోయెను. బందరునందు వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యనునవి కలవు. వలందా యనగా హాలండువాడు, డచ్చివాడు. పరాసు అనగా ఫ్రెంచివాడు. బొబ్బిలియుద్ధమునకు సంబంధించిన వాఙ్మయమునందును ఫ్రెంచివారు పరాసులే. ఈ పేర్లలో గమనింపదగిన దేమనగా, జాతివాచకము పరదేశమునుండి వచ్చినది, పాలెము పేట యనునవి తెలుగు. వచ్చినవాడు విశేషణమై నిలిచెను, విశేష్యము దేశమువారిదే. జాతివాచకములు సైతము తెలుగువాని నోటికి లొంగి రూపము మార్చుకొనినవి. సంధి సమాసములు చెప్పు పండితులకు ఈ మాట వేరుగా వివరింపనక్కరలేదు.

ఖాలేఖానుపేట, నిజాంపేట యను పేర్లు మహమ్మదీయ ప్రభుత్వకాలమును తలపించును. గొడుగుపేట, బుట్టాయిపేట, జగన్నాథపురము, చిలకలపూడి ప్రక్కప్రక్కనే యున్నవి. చిలకలపూడి బంగారుపూత నగలకును, పాండురంగస్వామి యాలయమునకును పేరుగన్నది. డచ్చివారి శ్మశానమున కులచిహ్నములతో, చెక్కడపు వ్రాతలతో సమాధిశిలలు నేటికిని కలవు. ఆ సమాధులు వర్తకుల పేర్లు చెప్పును. పేటలు వారు కలిసి బ్రతికిన రీతిని చెప్పును. మొదటివానికి నకళ్లు, అనువాదములు కలవు. రెండవవానిని క్రమముగా సేకరించి, పూర్వరూపములతో పోల్చి పరిశీలించు పని మిగిలియున్నది.

5. క్షీణతకు కారణము

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో సముద్రము పొంగి పట్టణమును ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ విపత్తు గౌరవము తగ్గించి చెప్పదగినది కాదు. కాని జనమరణమునకు కారణము వేరు, వర్తకక్షీణతకు కారణము వేరు. ఈ రెంటిని కలుపుటచే ఒకరి దోషము సముద్రముపై పడినది.

క్రమమును చూడుడు. 1641లో ఇంగ్లీషువారు తమ ప్రధానస్థానమును బందరునుండి చెన్నపట్టణమునకు మార్చిరి. 1686లో డచ్చివారు పట్టణమును కొంతకాలమాక్రమించిరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. ఈ రేవును పోషించిన కొలువు అంతరించెను. 1750లో ఫ్రెంచివారి చేజిక్కిన కోటను 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు పట్టుకొనెను. సలాబతుజంగు ఈ ప్రాంతమును ఇంగ్లీషువారికిచ్చెను. అంతటితో బట్ట కొనువాడే పాలకుడయ్యెను. పోటీ కొనుగోలుదారు లేని పనివాడు చెప్పిన వెలకు లొంగవలసివచ్చెను. 1813లో భారతవర్తకమున కంపెనీ గుత్త రద్దయి లాంకషైరు మరబట్టకు దారి తెరచుకొనెను; 1833లో కంపెనీ వర్తకమే నిలిచిపోయి దాని కొనుగోలు ముగిసెను. ఆ సమయముననే, 1832-33లో, నందన కరవు వచ్చి కృష్ణాతీరములను పాడుచేసెను. ఉప్పెన వచ్చునప్పటికి మగ్గము అంతకుముందే మూలబడియుండెను. కొనువాడు లేని సరకునకు రేవేల? సముద్రము తుడిచివేసినది మిగిలిన దానిని మాత్రమే.

రేవు పోయినను పట్టణము పోలేదనుట ఈ వాదమునకు బలమైన యుపపత్తి. రేవే ప్రాణమైనచో బందరు మోటుపల్లివలె పల్లె కావలసినది. కాలేదు. 1843లో నోబిల్ దొర స్థాపించిన పాఠశాల కళాశాలయై నిలిచెను. 1859లో కృష్ణామండలమునకు ముఖ్యపట్టణమైనది. నేటికిని కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణమే. 1902లో కృష్ణాపత్రిక వెలసెను. 1907 మొదలు 1945లో మరణించువరకు ముట్నూరి కృష్ణారావు దానిని నడపెను. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పి, గ్రంథవిద్యతో చేతిపనులను జోడించిరి. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రాబ్యాంకును స్థాపించెను. అది 2020లో యూనియన్ బ్యాంకున లీనమగువరకు ఆ పేరు నిలిచెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి యిచటి హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడై యుండగా విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు శిష్యుడయ్యెను. విద్యను చేతిపనితో కలుపవలెనను జాతీయకళాశాల సంకల్పము అద్దకపు పట్టణమున పుట్టుట యుచితమే.

6. ఫలితార్థము

ఇంతవరకు చేసిన విచారమువలన తేలిన దేమనగా, మత్స్యవ్యుత్పత్తి అనిశ్చితము. దానివలన జాలరిపల్లె సిద్ధింపదు. మైసోలియా దేశము, మచిలీపట్టణము ఊరు. ఆ రెంటికి సంబంధము నామమున గాక వర్తకమున వెదకదగినది. రేవువలన అద్దకము బ్రతుకలేదు. అద్దకమువలన రేవు బ్రతికినది.

ఈ విచారమునకు పాండిత్యప్రయోజనమే కాక వేరు ప్రయోజనమును కలదు. 2023లో మచిలీపట్టణమున క్రొత్త ఓడరేవు పనులు ప్రారంభింపబడినవి. రేవు వచ్చినతోడనే పూర్వవైభవము వచ్చునను మాట తరచుగా వినబడుచున్నది. పూర్వవైభవమునకు కారణము రేవు కానిచో ఆ మాట సగము సత్యము మాత్రమే యగును. సమీపమునందలి పెడనలో అచ్చులు చెక్కువారు, అద్దకము చేయువారు నేటికిని కలరు. వారి నోట నున్న రంగుల పేర్లు, నీటి గుణభేదములు, అచ్చుల సంజ్ఞలు, ఉదుకుటలోని క్రమములు నిఘంటువులకెక్కవలసిన మాటలు. వానిని సేకరించుటకు దూరదేశపు దఫ్తరములతో పనిలేదు. ఆ ప్రాంతపు పాఠశాలా పండితులు తమ శిష్యుల సాయమున చేయదగినది. ఆ మాటలు వ్రాతకెక్కిననాడు బందరు చరిత్రయందు సరకును చేసినవాడును కానవచ్చును.